మధ్య పేజీలు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందుగా ఒక పాత తప్పు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో పునీతుల మీద వ్యాసరచన పోటీ పెట్టారు. తెలుగు మాస్టారు లైబ్రరీ బీరువాలోంచి పునీత అంతోనివారి చరిత్ర తీసి నా చేతిలో పెట్టారు. మనకు బాగా తెలిసిన పాదువాపురి అంతోనివారు కాదు, అంతకు దాదాపు 900 ఏళ్ల ముందటి ఈజిప్టు సన్యాసి. నేను మొదటి నాలుగు పేజీలు, చివరి రెండు పేజీలు చదివి వ్యాసం రాసేశాను. మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు మాస్టారు పక్కకు పిలిచి, "మధ్యలో కూడా బాగుంటుందిరా, ఎప్పుడైనా చదువు" అన్నారు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత, విద్యుత్ కేంద్రంలో నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో, ఆ పుస్తకం మళ్లీ సంపాదించి పూర్తిగా చదివాను. దాని వెనక పెద్ద చరిత్రే ఉందని అప్పుడు తెలిసింది.

సుమారు 270లో, తల్లిదండ్రులు పోయి చెల్లెలి బాధ్యత మీద పడిన యువకుడు అంతోని గుడికి వెళ్లారు. అప్పుడు సువార్త పఠనం జరుగుతోంది. ఉన్నదంతా అమ్మి పేదలకివ్వమని క్రీస్తు ధనిక యువకుడితో చెప్పిన మాటలు చెవిన పడ్డాయి. తనకే చెప్పినట్టు అనిపించి, పొలం ఊరివాళ్లకు పంచి ఎడారి బాట పట్టారు. 356లో ఆయన మరణించాక అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియుసు ఆయన చరిత్ర రాశారు.

386లో మిలాన్ నగరంలో అగుస్తీనుగారి ఇంటికి ఒక అతిథి వచ్చాడు. ట్రియర్‌లో ఇద్దరు రాజోద్యోగులు ఈ అంతోనివారి చరిత్ర చదివి అక్కడికక్కడే కొలువు వదిలేసిన సంగతి చెప్పాడు. ఆ మాటలు అగుస్తీనుగారిని కుదిపేశాయి. ఆ రోజే తోటలో ఆయన మనసు మారింది. మరుసటి ఏడాది జ్ఞానస్నానం పొంది, తర్వాత తన జీవితాన్ని 'కన్ఫెషన్స్' అనే గ్రంథంగా రాశారు.

1554లో అది స్పానిష్‌లోకి వచ్చింది. అవిలా మఠంలో ఏళ్ల తరబడి ప్రార్థనలో మనసు నిలవక బాధపడుతున్న తెరేసమ్మగారు అందులో తననే చూసుకున్నారు. ఆమె కూడా తన జీవితకథ రాశారు.

1921 వేసవిలో ఆ కథ ఎడిత్ స్టెయిన్ చేతికి వచ్చింది. ఆమె యూదు కుటుంబంలో పుట్టిన జర్మన్ తత్వవేత్త. స్నేహితురాలి ఇంట్లో ఒక్క రాత్రిలో ఆ పుస్తకం చదివేశారట. తెల్లవారాక ఒక జ్ఞానోపదేశ పుస్తకం, ఒక పూజా గ్రంథం కొనుక్కున్నారని చెబుతారు. 1922 జనవరి 1న జ్ఞానస్నానం పొందారు. 1942లో ఔష్విట్జ్‌లో ఆమెను చంపారు. 1998లో పునీతురాలిగా ప్రకటించారు.

పదహారు వందల ఏళ్లకు పైబడిన ఈ గొలుసు గుడిలో విన్న సువార్తతో మొదలై పూజా గ్రంథం దగ్గరికే తిరిగి వచ్చింది. అందుకే పునీతుల చరిత్రలు, దివ్యబలి పూజ వేర్వేరు చదువులు కావని నాకనిపిస్తుంది. మా నాయనమ్మ తరం లాటిన్ పూజ జరుగుతుంటే జపమాల చెప్పుకునేది. 1963లో వాటికన్ మహాసభ ప్రజల భాషలకు తలుపు తెరిచాక మనకు ఆ పఠనాలు తెలుగులో వినే భాగ్యం దక్కింది. అయినా ఎంతమందిమి వింటున్నాం?

ఇంతకీ నేను వదిలేసిన మధ్య పేజీల్లో ఏముంది? సుమారు 311లో హింసల కాలంలో అంతోనివారు ఎడారి వదిలి అలెగ్జాండ్రియాకు వచ్చి, గనుల్లో, చెరసాలల్లో ఉన్న విశ్వాసులకు సేవ చేశారు. ప్రతి ఉదయం ఈ రోజే కొత్తగా మొదలుపెడుతున్నామనుకోమని శిష్యులకు బోధించారు. ప్లాంటు ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. రోజూ దాన్ని నడిపేది షిఫ్టువాళ్లు. పవిత్రత కూడా అలాంటి రోజువారీ పనేనని నలభై ఏళ్లు దగ్గరపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ మాట చెబుదామని ఊరికి వెళ్లేసరికి మాస్టారు లేరు.

చదవాలనుకునే మిత్రులకు నా సలహా ఇది. ముందు అంతోనివారి చరిత్ర చదవండి, చిన్నదే. తర్వాత అగుస్తీనుగారి గ్రంథంలో ఎనిమిదో భాగం, ఆపైన తెరేసమ్మగారి ఆత్మకథ. వీటితోపాటు ప్రతి శనివారం రాత్రి, మర్నాటి పూజలో వినబోయే పఠనాలు ఒక్కసారి చూసుకోండి. పది నిమిషాలు చాలు.

ఈ స్వర్ణోత్సవం సందర్భంగా బడి లైబ్రరీకి ఈ మూడు పుస్తకాలూ ఇస్తున్నాను. పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టే ఉపాధ్యాయులకు ఒక్క మనవి: ప్రశ్న మధ్య పేజీల్లోంచి అడగండి.