గ్యోర్ నుంచి గుత్తి దాకా

పైతరగతి గణితంలో పిల్లలకు ముందుగా ఆసరా ఇవ్వడమంటే ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ఒకటే అర్థం మిగిలింది: ఇంటర్ పాఠాన్ని ఆరో తరగతి దాకా కిందికి దించి, దానికి ఐఐటీ ఫౌండేషన్ అని పేరు పెట్టడం. ఆ ఆసరాకు వేరే రూపం ఉండేదని హంగరీ చరిత్ర చూపిస్తుంది. 1894లో గ్యోర్ పట్టణంలో డానియెల్ అరనీ అనే బడి పంతులు ఉన్నత పాఠశాల పిల్లల కోసం గణిత పత్రిక పెట్టాడు. నెలనెలా అందులో లెక్కలు అచ్చయ్యేవి, పిల్లలు సాధించి టపాలో పంపేవారు, మేలైన సాధనలను సాధించినవారి పేర్లతో సహా వేసేవారు. ఆ లెక్కలకు కావలసిన సరంజామా అంతా బడి పాఠంలోనే ఉండేది. అది చాలకనో, పైతరగతి సూత్రం తెలియకనో లెక్క ఆగేది కాదు. తెలిసిన దాన్నే ఇంకా లోతుగా తవ్వాలి, అందుకు నెల గడువుంది. తన బడిలో ఆ లెక్క గురించి మాట్లాడటానికి ఒక్క తోడైనా లేని పిల్లవాడికి, ఎక్కడో ఒక పెద్దమనిషి తన కాగితం చదువుతున్నాడన్న భరోసా దొరికింది. అసలు ఆసరా అదేనని నా అభిప్రాయం.

హంగరీ గొప్ప గణితవేత్తలదంతా బుడాపెస్ట్ సంపన్నుల పిల్లల కథేనని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. జాన్ వాన్ నాయ్‌మన్ తండ్రి బ్యాంకరు. బడిలో లెక్కలు చెప్పిన లాస్లో రాట్స్, 1914 దాకా ఆ పత్రికకు సంపాదకుడు కూడా, కుర్రవాడి ప్రతిభ గుర్తించి తండ్రితో మాట్లాడి విశ్వవిద్యాలయం వారిచేత విడిగా పాఠాలు చెప్పించాడు. ఆ పాఠాలు చెప్పినవారిలో ఒకరైన ఫెకెటెతో కలిసి అతను రాసిన తొలి వ్యాసం 1922లో వెలువడింది. పాల్ ఎర్డోష్ తల్లిదండ్రులిద్దరూ గణితం పంతుళ్లే. అలాంటి ఇళ్లకు పత్రిక లేకపోయినా గడిచేదేమో. కానీ లియోపోల్డ్ ఫేయెర్ రాజధాని వాడు కాదు, పేచ్ ఊరివాడు. బడి ముగించినవారికి 1894లోనే మొదలైన గణిత పోటీలో అతను 1897లో రెండో బహుమతి పొందాడు. 1904లో అదే పోటీలో నెగ్గిన మార్సెల్ రీస్ గ్యోర్‌లోనే పుట్టాడు. తెలివైనవారు ఎలాగూ పైకొస్తారు, పత్రికకు ఆ ఘనత ఎందుకు అనేవారూ ఉన్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే, అంత తెలివీ ఉండి ఆ వయసులో అలాంటి పత్రిక దొరకని పిల్లవాణ్ణి చూడాలి. అందుకు మన వైపు రావాలి.

అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ దేశంలోని గణిత అధ్యాపకులకు ఉత్తరాలు రాసి 1907లో ఒక సంఘం కట్టాడు. విదేశీ పత్రికలు, పుస్తకాలు ఉమ్మడిగా తెప్పించుకుని టపాలో ఒకరి తర్వాత ఒకరు చదువుకోవడం దాని తొలి ఉద్దేశం. అదే తర్వాత భారత గణిత సంఘమైంది. రెవెన్యూ కొలువులో ఉంటూ తలకెత్తుకున్న ఆ పని ఎంత గొప్పదో చెప్పనక్కర్లేదు. అయితే అది పెద్దల కోసం పెట్టిన సంఘం, కుంభకోణం బడిలో చదివే పిల్లవాడి కోసం కాదు. అక్కడ చదివిన శ్రీనివాస రామానుజన్‌కు 1903 ప్రాంతంలో దొరికినదల్లా కార్ రాసిన సూత్రాల సంకలనం: అయిదు వేలకు దగ్గరగా ఫలితాలు, నిరూపణలు అంతంత మాత్రం. అది ఇచ్చేదే గాని అడిగేది కాదు, అతని కాగితం చదివేదీ కాదు. అతని స్కాలర్‌షిప్ పోయింది, ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. ఆ సంఘం పత్రికలో అతని ప్రశ్నలు అచ్చయ్యేసరికి 1911 వచ్చింది, అతనికి ఇరవై మూడేళ్లు నిండాయి. ఆ ప్రశ్నల్లో ఒకటి, వర్గమూలం లోపల వర్గమూలంగా అంతులేకుండా సాగే లెక్క విలువ ఎంతన్నది. నెలలు గడిచినా పాఠకుల్లో ఎవరి సాధనా రాలేదు. చివరికి జవాబు కూడా తనే పంపాడు: 3.