నటుని పేరు నిందయైన వృత్తాంతము

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునకు విద్యార్థులచే హరిశ్చంద్ర కథను నాటకముగా ఆడింప సంకల్పించితిమి. మంచి కంఠమును, జంకులేని నోరును గల బాలునొకని నక్షత్రకుని పాత్రకు ఎంచితిని. మరునాటి యుదయముననే వాని తండ్రి మా యింటికి వచ్చిరి. "మాస్టరుగారూ, మావాణ్ణి చదువుకోడానికి పంపించాం గాని వేషాలు కట్టడానికి కాదు. ఇవాళ స్టేజీ మీద లేని కోపం తెచ్చుకోవడం నేర్చినవాడు రేపు ఇంట్లో లేని జ్వరం తెచ్చుకోడా?" అని యడిగిరి. ఆయన చదువుకొన్నవారు, కుమార్తెను పై చదువులకు పంపినవారు, మూఢాచారములను నిర్భయముగా ఖండించువారు. అట్టివారి నోట ఈ మాట రాగా నాకు వెంటనే బదులు తోచలేదు. ఈ ప్రశ్నకు రెండువేల యైదువందల యేండ్ల వయస్సున్నదని మాత్రము జ్ఞప్తికి వచ్చినది.

ఇంగ్లీషులో దాంభికునికి 'హిపొక్రిట్' అని పేరు. లోపలొకటి, వెలుపలొకటిగా మెలగువాడు, భక్తి లేకయే భక్తునివలె కనబడువాడు అని దాని యర్థము. ఆ మాట గ్రీకు 'హుపొక్రితేస్' నుండి పుట్టినది. కాని ఏథెన్సు నగరపు నాటకశాల వాకిట నిలిచి ఆ మాట కర్థమేమని అడిగియుండినచో, పౌరుడెవడైనను నటుడనియే బదులు చెప్పియుండును. ఒక వృత్తికి పేరైన మాట ఒక దుర్గుణమునకు పేరెట్లయ్యెనో విచారింప దగియున్నది.

అందలి 'హుపొ' అనునది మన 'ఉప' శబ్దమునకు తోబుట్టువే. 'క్రినెయిన్' అనగా వేరుపరచుట, నిర్ణయించుట. హోమరు కావ్యములలో ఈ రెంటి కూడికయైన క్రియకు బదులు చెప్పుట యనియు, స్వప్నార్థమును విప్పి చెప్పుట యనియు అర్థములు గలవు. ఒడిస్సీ 19వ భాగమున పెనెలొపె తన బాతులను గ్రద్దయొకటి చంపినట్లు కలగని, దాని భావము చెప్పుమని తన యింటికి వచ్చిన బిచ్చగాని ఈ క్రియతోనే అడిగినది. ఆ బిచ్చగాడు మారువేషముననున్న ఆమె భర్తయే! నటుని పేరునకు మూలమైన మాట అంత ప్రాచీన కాలముననే ఒక వేషధారి యెదుట పలుకబడుట నాకెప్పుడును వింతగనే తోచును.

గ్రీకుల నాటకము మొదట బృందగానము. ఆ బృందమునుండి ఒకడు వేరుపడి నిలిచి మాటలాడుటతో నటుడు పుట్టెను. ఈ మార్పు తెచ్చినవాడు థెస్పిస్ అనియు, క్రీ.పూ. 534 ప్రాంతమున ఏథెన్సులో అతడు నాటకమాడెననియు పరంపరగా చెప్పుదురు. బృందమునకు బదులు పలికెను గనుక నటునికి ఆ పేరు వచ్చినదని కొందరు పండితులు, కథకు అర్థము విప్పి చెప్పెను గనుక వచ్చినదని మరికొందరు వాదింతురు. తరువాత ఐస్కులొస్ రెండవ నటుని, సొఫొక్లీస్ మూడవ నటుని చేర్చిరని అరిస్టాటిల్ వ్రాసెను. ఆ ముగ్గురే ముఖములు మార్చుకొని నాటకమందలి పాత్రలన్నిటిని పోషించుచుండిరి.

ఇక మా బాలుని తండ్రి ప్రశ్నకు వత్తము. సోలోన్ ఏథెన్సునకు ధర్మశాస్త్రము కూర్చిన మహనీయుడు. వృద్ధాప్యమున అతడు థెస్పిస్ ఆడిన నాటకము చూచి, అనంతరము అతని పిలిచి, ఇంతమంది యెదుట ఇన్ని యసత్యములు పలుకుటకు సిగ్గు లేదా యని అడిగెనట. ఆటలో అట్లు చేయుట దోషము కాదని థెస్పిస్ బదులు చెప్పెను. సోలోన్ చేతికఱ్ఱతో నేలను గట్టిగా కొట్టి, ఇట్టి యాటను మెచ్చుకొన్నచో త్వరలోనే అది మన ఒడంబడికలలోనికిని వచ్చుననెను. అటుపిమ్మట పెయిసిస్త్రతొస్ అను రాజ్యకాముకుడు తన దేహమును తానే గాయపరచుకొని, బండిమీద అంగడివీథికి వచ్చి, శత్రువులు కొట్టిరని ప్రజల యెదుట మొఱపెట్టెను. సోలోన్ దగ్గరకుపోయి, నీవు హోమరు చెప్పిన ఒడిస్సియసు వేషమును సరిగా కట్టలేదు, అతడు ఒడలు చీల్చుకొన్నది శత్రువులను మోసగించుటకు, నీవో సొంత పౌరులను మోసగించుచున్నావు అని తెగడెను. అచ్చట వాడబడిన క్రియయు నటులకు చెప్పు ఆ క్రియయే. ప్రజలు మాత్రము పెయిసిస్త్రతొసునే నమ్మి, యేబదిమంది దుడ్డుకఱ్ఱల భటులను రక్షణకిచ్చిరి; వారితోడనే అతడు కోటను పట్టుకొనెను.

ఈ కథలను మనకు చెప్పిన ప్లూటార్కు ఆ కాలమునకు ఆరు శతాబ్దముల తరువాతివాడు. సోలోన్ క్రీ.పూ. 560 ప్రాంతమున గతించెను. థెస్పిస్ నాటకమునకు చెప్పు తేదీ దానికి పాతికేండ్ల తరువాతిది. నాటకపు పోటీలింకను ఏర్పడని కాలమున ఇది జరిగెనని ప్లూటార్కు సర్దుకొనెను గాని, ఇది పెద్దలు తరువాత అల్లిన కథయని నాకు తోచుచున్నది. అల్లినదే యైనను, అల్లినవారికి నటనను గూర్చి ఎంత భయముండెనో దానివలన తెలియుచున్నది. ఒకమాట మాత్రము గమనింపవలెను. ఏథెన్సు స్వాతంత్ర్యమును హరించినవాడు నటనను థెస్పిస్‌వద్ద నేర్వలేదు. రంగస్థలము లేకయే, నాటకమని ఎవ్వరికిని చెప్పకయే ఆడెను. థెస్పిస్ ఆడునది నాటకమని చూచువారందరికిని తెలియును.

ఏథెన్సు ప్రజలు సోలోన్ హెచ్చరికను పాటింపలేదనియే చెప్పవలెను. క్రీ.పూ. 346లో మాసిడోనియా రాజైన ఫిలిప్పుతో సంధి మాటలాడుటకు వారు పంపిన పదిమంది రాయబారులలో అరిస్తొదేమొస్ అను నటుడొకడు. మఱియొకడు ఐస్కినీస్, అతడును పూర్వము నటుడే. తరువాతి కాలమున నటులు సంఘములుగా ఏర్పడి సైనిక సేవనుండి మినహాయింపులు కూడ పొందిరి. వక్తృత్వశాస్త్రమున సభలో కంఠమును, చేష్టలను నడుపు నేర్పునకును 'హుపొక్రిసిస్' అనియే పేరు. వక్తకు ముఖ్యమైనదేదని అడుగగా దెమొస్థెనీస్ 'హుపొక్రిసిస్' అనెననియు, రెండవదేది, మూడవదేది యనినను అదియే చెప్పెననియు ప్రతీతి. ఆ దెమొస్థెనీసే క్రీ.పూ. 330లో ఐస్కినీసును ఎదిరించి వాదించునపుడు, నీవు మూడవ తరగతి వేషములు కట్టినవాడవు కావా యని పలుమారులు ఎగతాళి చేసెను. తానో యౌవనమున సాత్యురొస్ అను నటునియొద్ద వాచికము దిద్దుకొన్నవాడు! గురువు వృత్తిని గొప్ప చేసికొనుటయు, ప్రత్యర్థిని దానితోనే కొట్టుటయు న్యాయవాదులకు నేటికిని తెలియని విద్య కాదు.

ఈ మాటకు నిందార్థము గట్టిపడినది గ్రీకుభాష మాటలాడిన యూదులలో. మక్కబీయుల రెండవ గ్రంథమున ఎలియాజరు అను తొంబది యేండ్ల శాస్త్రి కథ యున్నది. క్రీ.పూ. 167 ప్రాంతమున అంతియొకసు రాజు యూదులచే వారికి నిషిద్ధమైన పందిమాంసమును బలవంతముగా తినిపింపజూచెను. పరిచయస్థులు కొందరు ఎలియాజరును రహస్యముగా పిలిచి, నీకు తగిన మాంసమునే తెచ్చుకొని, రాజాజ్ఞ ప్రకారము తినుచున్నట్లు నటింపుము, ప్రాణము దక్కునని చెప్పిరి. అచ్చట 'నటింపుము' అనుటకు వాడిన క్రియ నాటకశాలలోనిదే. ఆ వృద్ధుడు, ఈ వయస్సున నటించుట నాకు తగదు, తొంబదియవ యేట మతము మార్చుకొంటినని యువకులు తలచి నా మూలమున దారి తప్పుదురని చెప్పి మరణమునకు సిద్ధపడెను. నాటకశాలలో మెప్పుపొందిన మాట ఇచ్చట ప్రాణముకంటె నీచమైన వస్తువునకు పేరైనది. యోబు గ్రంథపు గ్రీకు పాఠములో దైవభక్తి లేనివానికి పెట్టిన పేరును 'హుపొక్రితేస్' అనియే. సువార్తలలో, బూర ఊదించుకొని దానము చేయువారిని, వీథిమలుపున నిలిచి ప్రార్థించువారిని యేసు ఆ పేరుతోనే ఎత్తిపొడిచెను. రోము చట్టమున రంగమెక్కిన నటునికి పౌరగౌరవమే తక్కువ. అందుచే లాటినులోనికి వచ్చిన ఈ మాటకు అడ్డు చెప్పువారు లేకపోయిరి. అచ్చటనుండి ఫ్రెంచిలోనికి, 13వ శతాబ్దమున ఇంగ్లీషులోనికి చేరునప్పటికి నటుడు దానినుండి పూర్తిగా జారిపోయెను. దంభము మాత్రము మిగిలెను.

బైబిలును తెనిగించినవారు ఈ పదమునకు 'వేషధారి' అని వ్రాసిరి. ఇంగ్లీషువాడు పోగొట్టుకొన్న నాటకశాల తెలుగులో తిరిగి దొరకినది! ఇది వారి నేర్పో, మన భాష స్వభావమో చెప్పజాలను. 'నటించుట', 'వేషములు వేయుట', 'నాటకములాడుట' అను మాటలు మన యిండ్లలోను నిందలే గదా. మనవారు నటునికి చేసిన గౌరవమును పెద్దది కాదు: అమరకోశమున శూద్రవర్గములో నటునికి 'జాయాజీవుడు', అనగా భార్య సంపాదనపై బ్రతుకువాడు, అని ఒక పర్యాయపదము గలదు. బాలురచే దానిని వల్లెవేయించునపుడెల్ల నాకు కష్టముగనే యుండును.

గ్రీకులో ముఖమునకును, నటులు ధరించు తొడుగుముఖమునకును 'ప్రొసోపొన్' అని ఒకటే మాట. నేటి గ్రీకులోను ఆ మాటకు ముఖమనియు, వ్యక్తి యనియు అర్థములు. పక్షపాతమునకు క్రొత్త నిబంధనలో 'ముఖమును స్వీకరించుట' అని సమాసము గలదు. మన స్త్రీలు 'ముఖము చూచి బొట్టు పెట్టుట' అని అందురు. ఇంతకంటె మంచి అనువాదము నాకు కనబడలేదు.

మిక్కిలి వింతయైనది వేరొకటి గలదు. నేటి గ్రీకులో 'హుపొక్రితేస్' నుండి వచ్చిన మాట దాంభికునికే చెల్లుచున్నది. నటనకళకు మాత్రము 'ఇపొక్రితికి' అని దాని సంతతిలోని మాటయే నిలిచినది. మరి నటుని నేమందురు? 'ఇథొపియొస్' అందురు. ఇది ప్రాచీనమైన 'ఏథొపొయొస్' అను మాటయే: 'ఏథొస్' అనగా శీలము, 'పొయొస్' అనగా చేయువాడు. నటుడు శీలమును నిర్మించువాడన్నమాట! ప్రాచీనులలో 'ఏథొపొయియ' యనగా ఒకరి స్వభావమునకు తగిన మాటలను వారి నోట పెట్టు విద్య. ఏథెన్సులో వ్యాజ్యెగాడు తన వాదము తానే చెప్పుకొనవలెను. లుసియాస్ అను రచయిత రోజున కొక ఓబొలు భరణము కోల్పోవనున్న ఒక అంగవికలునికి వ్రాసి యిచ్చిన వాదము నేటికిని నిలిచియున్నది. అది చదువునపుడు చమత్కారియైన ఆ బీదవాడే మనయెదుట మాటలాడుచున్నట్లుండును. నిలువెల్ల పరుని మాటయే. ఐనను అది అబద్ధమని ఎవడనును?

ఈ 'ఏథొస్' శబ్దమును గూర్చి తెలుగువారికొక సౌకర్యము గలదు. హ్రస్వముతో 'ఎథొస్' అనగా అలవాటు. దీర్ఘముతో 'ఏథొస్' అనగా శీలము. అలవాటు కొంచెము మారి శీలమైనదని అరిస్టాటిల్ నీతిశాస్త్రమున వ్రాసెను. ఇంగ్లీషు అక్షరములలో ఈ భేదము కనబడదు; దేవనాగరిలోను ఎకారమునకు హ్రస్వము వ్రాయు వాడుక లేదు. మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓ యని గ్రీకులకున్నట్లే నాలుగును గలవు. వేదమందలి 'స్వధా' శబ్దము ఈ మాటకు దాయాది యని భాషాశాస్త్రజ్ఞుల మతము.

ఇదంతయు బాలుని తండ్రిగారికి ఒక సాయంకాలము చెప్పితిని. ఓపికతో విని, "సోలోను చెప్పింది సబబుగానే ఉందండీ" అనిరి. చివరకు ఆయన ఒప్పుకొనుట నా గ్రీకు పాండిత్యమునకు కాదు, బాలుని నాయనమ్మ పట్టుదలకు. బాలుడు నక్షత్రకుని వేషమును బాగుగనే కట్టెను. అప్పు వసూలు చేయుటలో వాని కసరును చూచి ముందువరుసలోని పెద్దలు కొందరు ఇబ్బందిగా కదలిరి. ఇప్పటికిని తోటిపిల్లలు వీథిలో వానిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. మొన్న వారి యింటిముందుగా పోవుచుండగా, "ఒరే నక్షత్రకా, అన్నానికి రా" అను కేక వినబడినది. అది తండ్రిగారి కంఠము.