మత్తులో చెవి నిద్రించునా?

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరములో మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచే ఈథరు ఆవిరి పీల్పించినాడు. వారెన్ అను శస్త్రవైద్యుడు అతని మెడమీది కంతిని కోసినాడు. తరువాత రోగి, నొప్పి తెలియలేదు గాని మెడను ఏదో గీకినట్లు తోచినదని చెప్పినాడు. మత్తుమందు లోకమునకు పరిచయమైన నాడే ఒక ప్రశ్నయు పుట్టినది: మత్తులో ఉన్నవానికి ఎంత తెలియును?

మత్తు ఒక్కసారిగా కమ్మునది కాదు. 1847లో లండను వైద్యుడు జాన్ స్నో ఈథరు మత్తును ఐదు దశలుగా విభజించినాడు. 1920లో అమెరికా వైద్యుడు గ్యుడెల్ నాలుగు దశలను వర్ణించినాడు. అందు రెండవది ఉద్రేకదశ. అప్పుడు తెలివి తప్పును గాని, చిన్న చప్పుడునకు సయితము శరీరము పెనగులాడవచ్చును. రోగి నిద్రలోనికి జారువేళ గది నిశ్శబ్దముగా నుండవలెననుట ఇందుచేతనే.

1942లో కెనడా దేశపు మాంట్రియల్ నగరములో గ్రిఫిత్, జాన్సన్ అను వైద్యులు శస్త్రచికిత్సలో క్యురారే వాడినారు. ఇది కండరములను సడలించును; తెలివిని మాత్రము హరింపదు. దానితో ఒక కొత్త చిక్కు వచ్చినది. మత్తు చాలకున్నను రోగి కదలలేడు, చెప్పలేడు; కాని వినవచ్చును.

1965లో దక్షిణాఫ్రికా వైద్యుడు లెవిన్సన్ ఒక సాహసమైన ప్రయోగమును ప్రకటించినాడు. గాఢమైన మత్తులో ఉన్న పదిమంది రోగుల ఎదుట, ప్రమాదము వచ్చినట్లు నటించుచు కొన్ని మాటలు పలికించినాడు. నెల తరువాత హిప్నాటిజము చేసి అడుగగా నలుగురు ఆ మాటలను ఇంచుమించుగా అట్లే చెప్పినారు. మరి నలుగురు కలవరపడినారు. తరువాతివారికి ఇట్టి ఫలితము దొరకలేదు. ఇట్టి ప్రయోగమును నేటి వైద్యనీతి అంగీకరింపదు. అయినను ఆ ప్రశ్నను వైద్యులు మరువలేదు.

శరీరశాస్త్రము ఏమి చెప్పుచున్నది? శబ్దము చెవిని తాకిన సెకనులో నూరవ వంతులోపల మెదడు కాండములో విద్యుత్ స్పందన పుట్టును. మత్తులోను అది చాలవరకు నిలిచియుండును. పిదప మెదడు పైపొరలో పుట్టు స్పందన మాత్రము మత్తు పెరిగినకొలది తగ్గి ఆలస్యమగును. అనగా తలుపు తెరిచియే యున్నది. లోపల పలుకువారే నిద్రలో నున్నారు.

2020లో జర్మనీ వైద్యులు 385 మంది రోగులతో జరిపిన పరిశోధనను ప్రకటించినారు. మత్తులో ఉండగా చెవిగొట్టముల ద్వారా సంగీతమును, ధైర్యవచనములను విన్నవారికి శస్త్రచికిత్స తరువాత నొప్పి తక్కువైనది. నొప్పిమందులును తక్కువే పట్టినవి.

రొద వలన మరియొక కీడును గలదు. రక్తములో ప్రాణవాయువు తగ్గినప్పుడు యంత్రపు నాదము స్థాయి దిగును. పనిముట్ల మోతలో, ముచ్చట్లలో ఆ మార్పు వైద్యుని చెవిని పడకపోవచ్చును. రోగి వినినను వినకున్నను, అతని కొరకు వినవలసినవారు ఒకరుందురు. శస్త్రచికిత్స గదిలోని నిశ్శబ్దము మర్యాద మాత్రమే కాదు. చికిత్సలో ఒక భాగము.