స్మార్ట్‌ఫోన్‌తో శరీర సమతుల్యత పరీక్ష

నిలబడ్డ మనిషి ఎంత ఊగుతున్నాడో ఫోన్‌లోని సెన్సార్లతో కొలిచి, బ్యాలెన్స్ ఎలా ఉందో అంచనా వేసే పద్ధతి ఇది. కదలకుండా నిలబడ్డామనుకున్నా ఒళ్ళు సన్నగా ఊగుతూనే ఉంటుంది. కళ్ళు, లోపలి చెవి, పాదాలు, కీళ్ళు అందించే సమాచారంతో మెదడు ఆ ఊగును ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంది. ఫోన్‌ను బెల్టుతో నడుం వెనక బిగించి, పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు తెరిచి అర నిమిషం, మూసుకుని మరో అర నిమిషం నిలబడాలి. తూలితే పట్టుకోవడానికి పక్కన ఒకరు ఉండి తీరాలి. యాక్సెలరోమీటర్ త్వరణాన్ని, జైరోస్కోప్ శరీరం తిరిగే వేగాన్ని నమోదు చేస్తాయి. నడుం ఒక్క డిగ్రీ ఒరిగినా గురుత్వాకర్షణ వల్ల యాక్సెలరోమీటర్ అంకె సుమారు 0.17 మీ/సె² మారుతుంది. కళ్ళు మూయగానే ఊగు బాగా పెరిగిందంటే పాదాల స్పర్శ గానీ లోపలి చెవి గానీ దెబ్బతిన్నదేమో చూడాలి. కళ్ళు మూయించి చూసే ఈ పద్ధతి 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ పేరిట వైద్యులు ఇప్పటికీ చేసే పరీక్షే. ఫోన్ దానికి అంకెలు జోడిస్తుంది.

ఈ అంకెల అవసరం కొల్లేరు సరస్సు చుట్టూ ఉన్న కొల్లేటి సీమలో ఎక్కువ. చేపల చెరువు గట్ల మీద, పడవ ఎక్కి దిగే చోట, తడి బురదలో నడిచేవారికి కాలు జారడం రోజూ ఉన్న ప్రమాదం. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి అది రెట్టింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వీరిలో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాలవారే. ఊగును నిక్కచ్చిగా కొలిచే ఫోర్స్ ప్లేట్ ఖరీదైన ప్రయోగశాల పరికరం, లంక గ్రామాలకు వచ్చేది కాదు. ఫోన్ మాత్రం ఆశా కార్యకర్త చేతిలోనే ఉంది. ఏలూరులో వైద్య కళాశాలలు, తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్ ఉన్నాయి. ఇక్కడివారికి సరిపడే కొలతలు తేల్చే పని ఈ సంస్థలు చేతికి తీసుకోవాలి.

ఫోన్‌కో రకం సెన్సార్ ఉంటుంది, బెల్టు వదులైతే అంకె మారిపోతుంది, ఇక నమ్మడమెలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఒకరి అంకెను మరొకరితో పోల్చకూడదు. అదే ఫోన్, అదే చోటు, అదే మనిషి, నెలనెలా చూడాలి. ఊగు తగ్గితే మంచిదే అనీ అనుకోరాదు. పార్కిన్సన్స్ ఉన్న కొందరు ఒళ్ళు బిగుసుకుపోయి తక్కువ ఊగుతూనే పడిపోతారు. పైగా ఫోన్ తేడాను చూపుతుందే గాని కారణం చెప్పదు. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా కళ్ళు తిరిగి, మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. వారి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. పురుగుమందుల మీదా అనుమానం పడింది. అలాంటివి రక్తం, నీరు, ఆహారం పరీక్షిస్తేనే తెలుస్తాయి. హఠాత్తుగా తూలుడు వచ్చి, మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా ఆ ఫోన్‌తో పరీక్ష చేయవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.