వేళ తప్పని సేవ

మహాశివరాత్రినాటి రాత్రి శ్రీశైల క్షేత్రమున ఆలయ దీపములన్నియు ఆర్పివేయుదురు. ఆ చీకటిలో చీరాల ప్రాంతపు నేతగాడొకడు దిగంబరుడై మల్లికార్జునస్వామి విమాన శిఖరము నెక్కి, అచ్చటినుండి ముఖమండపముమీది నందులవఱకు పాగా చుట్టును. పెండ్లికొడుకైన స్వామికి ఇది తలపాగా. ఆ వస్త్రము ఒక్కనాట నేసినది కాదు; దినమునకొక మూర చొప్పున 365 దినములు నేసినది.

ఈ మూరెడు నేతలో ఒక పెద్ద ప్రశ్న యిమిడియున్నది. ప్రతిదినము, నియమిత కాలమున, ఎవ్వరును గుర్తుచేయకయే జరుగవలసిన పని తప్పక జరుగునట్లు చూచుట ఎట్లు?

మన పూర్వులు దీనికి శిలలపై సమాధానము వ్రాసిరి. 11, 12 శతాబ్దులనాటి తెలుగు శాసనములలో అఖండదీప దానములు కోకొల్లలు. దాత దీపమునకై పశువుల మందను సమర్పించును. దానిని ఒక బోయకు అప్పగింతురు. అతడు నిత్యము మానెడు నేయి దీపమునకు పోయవలెను. చేయవలసిన పని, దాని వేళ, కావలసిన సాధనము, పూచీపడిన మనుష్యుని పేరు — ఈ నాలుగును శాసనమున నుండును. ఆ పూచీ అతనితో ముగియదు. కొడుకులకు, మనుమలకు సంక్రమించును. దీపము కొండెక్కినచో ఎవరి నడుగవలెనో ఊరివారి కందఱకు తెలియును.

మన కాలమున ఇట్టి నిత్యకృత్యములు కంప్యూటరులకు సంక్రమించినవి. బ్యాంకు లెక్కలు సరిచూచుట, దస్త్రములకు నకళ్లు తీయుట మున్నగునవి మనము నిద్రించుచుండగా జరిగిపోవుచున్నవి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ అను వ్యవస్థలో ఇందులకు ‘క్రాన్’ అను కావలివాడు కలడు. గ్రీకు భాషలో ‘క్రోనోస్’ అనగా కాలము. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోని క్రాన్ నిముసమునకొకమారు మేల్కొని పట్టికను చూచుకొనెడిది. పట్టికలో ప్రతి పంక్తికి 5 గడులు: నిముసము, గంట, తేదీ, నెల, వారము. వాని పిదప చేయవలసిన పని. మన పంచాంగమునకును అంగములు అయిదే. అయితే తిథి నక్షత్రములను క్రాన్ ఎఱుగదు. ప్రతి సోమవారము తెల్లవారుజామున 4 గంటలకు అన్నచో దానికి తెలియును. మాఘ బహుళ చతుర్దశి అన్నచో తెలియదు. శివరాత్రి తేదీని ఏటేట మనుష్యుడే చూచి వ్రాయవలెను.

అంతకంటె పెద్ద లోపము వేఱొకటి కలదు. నియమిత వేళకు విద్యుత్తు పోయి యంత్రము ఆగియున్నచో ఆ పని తప్పిపోవును. మరల మేల్కొనిన క్రాన్ గడచిన వేళను తలచుకొనదు. పని జరుగునపుడు ఏదేని సమాచారము వెలువడినచో యజమానికి జాబు పంపును; పనియే జరుగనిచో జాబును ఉండదు. యజమాని ఆ మౌనమును చూచి అంతయు క్షేమమని తలచును. నకలు లేదని తెలియునది అసలు పోయిననాడే. రేడియో నిలయమున ఒక్క నిముసము నిశ్శబ్దము కలిగినచో శ్రోతలే పసికట్టుదురు. కంప్యూటరు నిశ్శబ్దమునకు శ్రోతలు లేరు.

ఈ లోపమును తీర్చుటకు పిమ్మట ‘అనాక్రాన్’ అను సాధనము వచ్చినది. అది పని చివరిసారి జరిగిన తేదీని వ్రాసియుంచుకొని, యంత్రము లేచిన తరువాత బాకీపడిన పనిని చేయించును.

చీరాల నేతగానికి ఇట్టి పుస్తకముతో పనిలేదు. ఒకనాడు మూర తప్పినచో వస్త్రమే ఆ సంగతి చెప్పును. శివరాత్రినాటికి పాగా మూరెడు కుఱచయగును. యంత్రములకు పనులు ఒప్పగించువారు ఈ కొలతను గమనింపవలెను. వేళను నిర్ణయించుట సగము పని. వేళ తప్పినపుడు ఆ సంగతి ఎవరికి, ఎట్లు తెలియవలెనో నిర్ణయించుట తక్కిన సగము.