నల్లమల మీద ఆ 6 నిమిషాలు

ఆత్మకూరు అనగానే మనకి మన నెల్లూరు జిల్లా ఊరే గుర్తొస్తుంది. కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో, నల్లమల అంచున ఇంకో ఆత్మకూరు ఉంది. ఇవాళ్టి కథ ఆ వైపు అడవిలో ఉన్న పావురాలగుట్టది.

2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరారు. హెలికాప్టర్ బెల్ 430, రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. కింద నల్లమల, చుట్టూ వానాకాలం మబ్బులు.

అది కుట్రేనని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా? ఆర్.కె. త్యాగి కమిటీ మాత్రం విద్రోహం లేదని తేల్చింది. మరి ఏం జరిగింది? ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా కనబడింది. ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు 6 నిమిషాలకు పైగా దాంట్లోనే ఉండిపోయారు. ఈలోగా వాతావరణం చెడింది. వానమబ్బు నుంచి కిందికి దూసుకొచ్చే గాలి హెలికాప్టర్‌ని వేగంగా దించేసింది.

మైదానం మీదైతే తేరుకోడానికి కాస్త ఎత్తు మిగులుతుంది. కొండల్లో నేలే పైకి లేచి ఉంటుంది. మామూలు ఆల్టీమీటర్ చూపేది సముద్రమట్టం నుంచి ఎత్తు. కింద గుట్ట ఎంత దగ్గరకొచ్చిందో అది చెప్పదు.

శకలాలు దొరికింది మర్నాడు ఉదయం. ఐదుగురూ బతకలేదు.

ఘాట్ రోడ్డులో వార్నింగ్ లైటు వెలిగితే బండి పక్కన ఆపి చూస్తాం. గాల్లో ఆ వీలు లేదు. అందుకే ఒకరు లైటు సంగతి చూస్తుంటే, రెండోవాళ్ళ చూపు దారి మీదే ఉండాలి.