రుమటాయిడ్ కీళ్లవాతంలో ఎముక కోత: సైటోకైన్ల చరిత్ర

రుమటాయిడ్ కీళ్లవాతం కీళ్లవాపుతో ఆగదు. కీలు అంచున ఎముకను కోసేస్తుంది, దూరాన ఉన్న వెన్నుపూసలను, తుంటి ఎముకను గుల్లబారుస్తుంది. రోగనిరోధక కణాలు తమలో తాము సందేశాలు పంపుకోవడానికి వదిలే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. ఎముకకు జరిగే ఈ నష్టం వెనుక ఉన్నవి అవేనని నిరూపించడానికి 1972 నుంచి 2002 వరకు మూడు దశాబ్దాల పరిశోధన అవసరమైంది.

ఈ జబ్బును 1800లో పారిస్‌లో ఆగస్టిన్ లాండ్రే-బోవే తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించాడు. ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టింది ఇంగ్లండ్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్, 1859లో. ఎక్స్‌రే వచ్చాక ఎముక నష్టం కంటికి కనిపించింది. వేళ్ల కణుపుల్లో మృదులాస్థి ముగిసే చోటికీ కీలు పొర అతుక్కునే చోటికీ మధ్య కప్పు లేని సన్నని ఎముక అంచు ఒకటుంటుంది. తొలి గుంట తరచుగా అక్కడే పడుతుంది. వాచి మందమెక్కిన కీలు పొర ఎముక మీదికి పాకి దాన్ని తినేస్తోందని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. ఎముకను కరిగించే ప్రత్యేక కణం ఆస్టియోక్లాస్ట్‌కు 1873లోనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త కోలికర్ పేరు పెట్టినా, ఎముకల నిపుణులు ఒక దారిన, రోగనిరోధక శాస్త్రవేత్తలు మరో దారిన నడవడంతో ఈ రెండు విషయాలూ కలవలేదు. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్ ఇచ్చినప్పుడు మంచం పట్టిన రోగులు లేచి నడిచారు. అయితే స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడితే అవే ఎముకలను పలచబరుస్తాయి. ఉపశమనం వేరు, ఎముకను కాపాడటం వేరు అన్న పాఠం అక్కడే మొదలైంది.

తొలి ఆధారం పళ్ల చిగుళ్ల జబ్బు మీద ఆసక్తి నుంచి వచ్చింది. 1972లో హార్టన్, రైజ్, మెర్గన్‌హేగన్ తదితరులు మనిషి రక్తంలోని తెల్లకణాలను పంటిగారలోని పదార్థాలతో ప్రేరేపించి, అవి పెరిగిన ద్రవాన్ని విడిగా తీశారు. రేడియోధార్మిక కాల్షియం నింపిన ఎలుక పిండపు ఎముక ముక్కల మీద ఆ ద్రవం పోస్తే కాల్షియం బయటికి రావడం మొదలైంది. ఎముకను కరిగించమన్న ఆజ్ఞ తెల్లకణాల నుంచే వస్తోందని ఈ ప్రయోగం చూపింది. ఆ పదార్థాన్ని శుద్ధి చేయగా అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అని 1985లో తేలింది. మరుసటి ఏడు, కణితి కణాలను చంపే గుణంతో పేరుపడ్డ టీఎన్‌ఎఫ్ కూడా అదే పని చేస్తుందని రుజువైంది.

ఈలోగా లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైని, ఫియోనా బ్రెన్నన్ రోగుల కీళ్ల నుంచి తీసిన కణాలను పెంచుతున్నారు. అందులో టీఎన్‌ఎఫ్‌ను ప్రతిదేహంతో అడ్డుకుంటే ఇంటర్‌ల్యూకిన్-1 కూడా తగ్గిపోతుందని 1989లో చూపారు. అంటే సైటోకైన్లు ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా పనిచేస్తున్నాయి, గొలుసు మొదట్లో టీఎన్‌ఎఫ్ ఉంది. 1992లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో తొలిసారి రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ప్రతిదేహం ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు. అమెరికాలో ఈ జబ్బుకు టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకునే మరో మందు ఎటానర్‌సెప్ట్ 1998లో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ 1999లో ఆమోదం పొందాయి. ఎముకల దృష్టితో చూస్తే తర్వాత తేలిన విషయం మరింత విలువైనది. మెథోట్రెక్సేట్ అనే పాత మందుతో కలిపి ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో, నొప్పీ వాపూ పెద్దగా తగ్గనివారికి కూడా ఎక్స్‌రేలో కోత నెమ్మదించింది. వాపు, కోత ఎప్పుడూ జంటగా నడవవన్నమాట.

ఆ మెథోట్రెక్సేట్ వెనుక మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందుల పరంపర మొదలైంది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను 1951లో గబ్నర్ బృందం కీళ్లవాతానికి వాడి చూసింది. దాని సోదర మందు మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు అమెరికాలో ఆమోదం పొందింది 1988లో. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది: టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు చెప్పిన మాటను ఎముక దగ్గర అమలుచేసేది ఏది? 1997-98 మధ్య వేర్వేరు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి జవాబు తెచ్చాయి. ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్ ఎముక మజ్జ నుంచి వచ్చే పూర్వకణాలకు తగిలితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి అనేక కేంద్రకాలున్న పెద్ద ఆస్టియోక్లాస్ట్‌గా మారతాయి. అది ఎముకకు గట్టిగా అతుక్కుని, తన కింద మూసుకున్న చిన్న గదిలోకి ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. తర్వాత కెథెప్సిన్-కె అనే ఎంజైమ్ కొల్లాజెన్‌ను ముక్కలు చేస్తుంది. దీనికి విరుగుడు కూడా శరీరంలోనే ఉంది: ఆస్టియోప్రొటెజెరిన్ ముందుగానే ర్యాంక్ లైగాండ్‌ను పట్టుకుని అడ్డుకుంటుంది. వాచిన కీలులో ఈ సమతూకం చెడుతుంది.

1998లో ఎలెన్ గ్రావలీస్ బృందం రోగుల ఎముక గుంటల అంచునే ఆస్టియోక్లాస్ట్‌లను చూపింది. 1999లో యంగ్-యున్ కాంగ్, పెనింజర్ తదితరులు ప్రేరేపితమైన టి కణాలు అనే తెల్లకణాలు ర్యాంక్ లైగాండ్‌ను తయారుచేస్తాయని నిరూపించారు. 2000లో ఆరాన్, చోయ్ ఈ కొత్త శాస్త్రానికి ఆస్టియోఇమ్యునాలజీ అని పేరు పెట్టారు. అసలైన తీర్పు ఎలుకలు ఇచ్చాయి. 2001లో ర్యాంక్ లైగాండ్ లేని ఎలుకలకు, 2002లో ఆస్టియోక్లాస్ట్‌లు తయారుకాని ఎలుకలకు కీళ్లవాతం వచ్చేట్టు చేస్తే కీళ్లు వాచాయి గాని ఎముక గుంటలు మాత్రం దాదాపు పడలేదు. కోసేది వాచిన పొర కాదని, అది పిలిపించుకున్న ఆస్టియోక్లాస్టేనని తేలిపోయింది.

కోతపడ్డ ఎముక తిరిగి ఎందుకు పూడదన్నది మరో ముడి. టీఎన్‌ఎఫ్ ప్రేరణతో పెరిగే డీకేకే-1 అనే ప్రొటీన్ ఎముకను కట్టే కణాలను ఆపేస్తుందని 2007లో తెలిసింది.

ర్యాంక్ లైగాండ్‌ను పట్టుకునే డెనోసుమాబ్‌ను ఈ రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు 2008లో వచ్చాయి: ఎముక కోత నెమ్మదించింది, కీళ్ల వాపు మీద ప్రభావం లేదు. ఎలుకల్లో చూసిందే మనుషుల్లోనూ నిజమైంది. జపాన్ 2017లో ఈ ఉపయోగానికి ఆమోదం తెలిపింది. దీన్ని హఠాత్తుగా మానేస్తే ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి మానాలంటే వైద్యులు మరో మందుతో ఆ లోటు పూడుస్తారు.

కథ ఇంకా వెనక్కి జరుగుతోంది. రసాయనికంగా మార్పు చెందిన సిట్రులినేటెడ్ ప్రొటీన్లకు ఎదురు తిరిగే ప్రతిదేహాలు నేరుగా ఆస్టియోక్లాస్ట్‌లను పెంచగలవని 2012లో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం చూపింది. ఆ ప్రతిదేహాలు రక్తంలో ఉండి, కీళ్ల వాపు ఇంకా మొదలుకానివారిలో కూడా చేతి ఎముక అప్పటికే పలచబడటం అదే బృందం తర్వాత గమనించింది. జబ్బును గుర్తించే తీరు కూడా మారింది: 1987 నాటి వర్గీకరణ ప్రమాణాల్లో ఎక్స్‌రే మార్పులు ఒక అంశంగా ఉండేవి. 2010 ప్రమాణాలు వాచిన కీళ్ల సంఖ్యకు, రక్తంలోని ఆ ప్రతిదేహాలకు పాయింట్లు ఇచ్చి, గుంట పడకముందే జబ్బును గుర్తించే వీలు కల్పించాయి.